మేం ముగ్గురం

కరెంటాఫీసు కిటికీ దగ్గరికి అక్క చేరిందంటే, వెనక వరసలో ఉన్నవాళ్లు గోడకు జారగిలబడి ఇక ఇప్పట్లో కాదులే అనుకోవలసిందే. అడిగిందే అడుగుతుంది. చెప్పిందే మళ్లీ చెప్పించుకుంటుంది. గుమాస్తా విసుక్కుంటే, ఆ విసుగు తన మీద కానట్టు పక్కకు చూసి, అది చల్లారాక మళ్లీ మొదటినుంచి మొదలుపెడుతుంది. ఇల్లు మారడం ఖాయమైన దగ్గర్నుంచీ ఆవిడ కాళ్లకు బలపం కట్టుకుని తిరుగుతోంది. “అక్కా, మనం కరెంటూ నీళ్ల సంగతి చూసుకోవాలి కదా” అన్నాడు తమ్ముడు. చూసుకునేది ఎవరో ఇద్దరికీ తెలుసు. పాత ఇంట్లో కరెంటు, నీళ్లు, గ్యాసు అన్నీ ఆవిడ పేరు మీదే ఉన్నాయి. అవన్నీ ఇక్కడ తీయించాలి, కొత్త ఇంట్లో పెట్టించాలి, మధ్యలో ఒక్క పూట కూడా ఎడం రాకూడదు. అక్కడ వెలిగాకే ఇక్కడ ఆరాలి. అదీ ఆవిడ పంతం.

“అలా కుదరదమ్మా” అన్నాడు గుమాస్తా. “కొత్త కనెక్షనంటే వరస ప్రకారం నెల పడుతుంది.”

“నెలంతా చీకట్లో కూర్చోవాలా?”

“నన్నేం చెయ్యమంటారు?”

“దారేదో ఉండే ఉంటుంది. మీకు తెలీకపోతే లోపలి ఆయన్నడిగి రండి. నేనెక్కడికీ పోను, ఇక్కడే ఉంటా.”

ఆ చివరి మాట బెదిరింపేనని గుమాస్తాకు అర్థమైంది. లేచి లోపలికి వెళ్లి, మొహం కాస్త తేలిక చేసుకుని వచ్చాడు. “ఒక పని చెయ్యండి. కొత్తది అడక్కండి. మీ పాత కనెక్షన్నే ఆ ఇంటికి మార్చమని రాసివ్వండి. షిఫ్టింగు అంటాం. అదైతే ఈ వారంలోనే అవుతుంది. మనిషి పొద్దున అక్కడ పెట్టి, మధ్యాహ్నం వచ్చి ఇక్కడ పీకేస్తాడు. కాకపోతే అక్కడ కూడా మీ పేరే ఉంటుంది. ఉంచాలన్నా తీయాలన్నా మీ సంతకమే.”

“ఎవరి పేరుంటే ఏంటండీ, వెలిగేది ఒక్క ఇల్లేగా.”

అక్క మొహం చేటంత చేసుకుని వెనక్కి తిరిగింది, వరసలో వాళ్లెవరైనా మెచ్చుకుంటారేమోనని. ఎవరూ మెచ్చుకోలేదు. ఒక పెద్దాయన “ఇక జరగండమ్మా, కాళ్లు లాగుతున్నాయి” అన్నాడు.

నీళ్లాఫీసుకు తమ్ముడు కూడా వచ్చాడు. తనెందుకని నసిగాడు గానీ, కొత్త ఇంటి అద్దె అగ్రిమెంటు అతని పేర ఉంది గనక మనిషి వచ్చి నిలబడక తప్పదని అక్కే లాక్కొచ్చింది. ఆఫీసులో పదిమందికి పని చెప్పే ఉద్యోగమే అతనిది. అక్క పక్కన నిలబడితే మాత్రం నోట్లో నాలుక ఉండదు. దారిపొడుగునా ఆవిడే మాట్లాడింది. గ్యాసు రెగ్యులేటరు ఎలా అప్పగించాలో, పాత ఇంటి నీళ్ల పైపుకు సీలు ఎవరొచ్చి వేస్తారో, ఆ వచ్చినవాడి చేత సరిగ్గా వేయించుకోకపోతే ఎంత తలనొప్పో చెబుతూ నడిచింది. తమ్ముడు ఊఁ కొట్టాడు.

“కొత్త ఇంట్లో ఎంతమంది ఉంటారు?” తలెత్తకుండానే అడిగింది నీళ్లాఫీసు ఆవిడ. మనుషులను బట్టే అక్కడ నీళ్లు ఇచ్చేది.

అక్క నోరు తెరిచేలోపే తమ్ముడు గబుక్కున అన్నాడు. “ముగ్గురం. మేం ముగ్గురం.”

ఎప్పుడూ తను మోచేత్తో పొడిస్తే గానీ పలకనివాడు అంత చురుగ్గా చెప్పేసరికి అక్కకు భలే ముచ్చటేసింది. వాడూ, వాడి పెళ్లామూ, తనూ. బయటికొచ్చి మెట్లు దిగుతూ, “నలుగురని చెప్పాల్సిందిరా. రేపు నీకో పిల్లో పిల్లాడో పుడితే మళ్లీ ఈ గుమ్మం ఎక్కాలి” అంది.

తమ్ముడు తన చెప్పుల వంక చూసుకుంటూ దిగాడు. “ముగ్గురికి సరిపోతాయిలే అక్కా.”

“సరిపోతాయనుకో. నేనున్నానుగా, పొదుపుగా వాడిస్తా.”

అతనేం అనలేదు. అక్క ఆ మౌనాన్ని ఒప్పుకోలు కిందే జమ కట్టుకుంది. ఆవిడకది అలవాటు.

కొత్త ఇల్లు రెండో అంతస్తులో. రెండు పడగ్గదులు, ఒక హాలు, వెలుతురొచ్చే ఒక అద్దాల వరండా. ఆ వరండా చూసిన రోజే అక్క తన కుట్టుమిషను చోటు ఖాయం చేసేసుకుంది. ప్యాంట్లు కురచ చేయడం, జిప్పులు మార్చడం, పట్టని చొక్కాలు వదులు చేయడం ఆవిడ పని. చీకటి మూలలో కూర్చుని కుట్టీ కుట్టీ కళ్లు పోతున్నాయని ఎప్పుడూ గొణిగేది. అందుకే ఎలక్ట్రీషియన్ను వెంటబెట్టుకొచ్చి, గోడ మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టి, మిషను మోటరుకు ఇక్కడ, ఇంత కిందగా ఒక సాకెట్ కావాలని చూపించి వెళ్లింది. మర్నాడొచ్చి చూస్తే సాకెట్ ఉంది గానీ నడుమెత్తులో ఉంది. పక్కనే గోడలోంచి నీళ్ల పైపు ముక్క ఒకటి కొత్తగా మూతి బయటపెట్టింది.

“ఇదేంటయ్యా, నేను చెప్పిందేంటి, నువ్వు పెట్టిందేంటి?”

ఎలక్ట్రీషియన్ స్క్రూడ్రైవరు చెవి వెనక దోపుకున్నాడు. “ఇంటావిడ మార్చమన్నారండి. ఇక్కడ వాషింగ్ మెషినట.”

“ఇంటావిడ” అన్న మాట అక్కకు సూదిలా దిగింది. అయినా పనివాడి ముందు బయటపడడం ఇష్టంలేక హాల్లోకి నడిచింది. అక్కడ మరదలు కిటికీలకు కర్టెన్లు పట్టి చూసుకుంటోంది. మరదలు గొంతెత్తదు. ఎప్పుడూ మీరు, వదినగారూ అనే పిలుస్తుంది. పెళ్లై ఆ ఇంటికొచ్చాక ఒక్కనాడూ ఎదురు మాట్లాడలేదు. వంటింట్లో ఏ డబ్బా ఎక్కడుండాలో, ఏ గుడ్డతో ఏది తుడవాలో వదిన చెప్పినట్టే నడుచుకుంది. వదిన దాన్ని మంచితనం అనుకుంది.

“వరండాలో నా మిషను కదమ్మా పెడదామనుకున్నది?”

“మీరనుకున్నారు వదినగారూ” అంది మరదలు నవ్వుతూ. “మీ మిషనుకి ఎక్కడో ఓ చోట చోటు దొరక్కపోతుందా?”

“ఎక్కడ?”

“చూద్దాం.”

లోపలి చిన్న గదిలో స్నానాల గది తలుపు పక్కన గోడకు పట్టుకునే స్టీలు కమ్మీ బిగించి ఉంది. అదేంటని అక్క అడిగింది. అమ్మకు మోకాళ్లు బాగా పట్టేస్తున్నాయి, లేచేటప్పుడు ఆసరా ఉండాలి కదా అని చెప్పింది మరదలు. వాళ్లమ్మ వస్తోందన్న సంగతి అక్కకు అప్పుడే తెలిసింది. ఎన్నాళ్లుంటుందని అడగబోయి, అడిగితే బాగోదని ఆగింది. ఆ బదులు మెడలో వేలాడే టేపు తీసి గది కొలిచింది. గోడ నుంచి గోడకు, తలుపు నుంచి కిటికీకి వంగి, మోకాళ్ల మీద కూర్చుని, లేచి కొలిచింది.

“రెండు మంచాలు హాయిగా పడతాయమ్మా. మీ అమ్మది ఈ పక్క, నాది ఆ పక్క. రాత్రిపూట ఆవిడ లేవాలంటే నేను పట్టుకుంటాలే.”

“మీరు కొలవని చోటు లేదు కదా వదినగారూ” అంది మరదలు, అదే నవ్వుతో. కర్టెను మడత పెట్టి సంచిలో పెట్టుకుంది.

ఎదుటివాళ్ల చొక్కాలో నూలుపోగు తేడా ఉంటే వీధి అవతలి నుంచి పట్టేసే మనిషి అక్క. ఆ నవ్వులో ఏముందో మాత్రం పట్టలేకపోయింది. పట్టలేకపోయిందో, పట్టుకుంటే కాలుతుందని వదిలేసిందో ఆవిడకే తెలియాలి.

సామాను ఎత్తే రోజు తెల్లవారుతూనే అక్క కొంగు దోపింది. పెట్టెలకు తాళ్లు బిగించింది. గాజు సామాను పాత గుడ్డల్లో చుట్టింది. సామాను ఎత్తే మేస్త్రికి అది ముందు, ఇది వెనక అని పురమాయిస్తూ గుమ్మానికీ వ్యానుకీ మధ్య తిరిగింది. గ్యాసు ముందురోజే అప్పగించేసింది. పొద్దున నీళ్లాఫీసు మనిషి వస్తే దగ్గరుండి పైపు కట్టించి, సీలు గట్టిగా పడిందో లేదో లాగి చూసి మరీ పంపింది. ఇల్లుగలాయన వేలెత్తి చూపకూడదని, అంతకుముందే పట్టి ఉంచిన ఒక బకెట్ నీళ్లతో సగం ఇల్లు తుడిచేసింది కూడా. ఇంతలో లైన్‌మన్ ఫోన్ చేశాడు.

“అక్కడ వెలిగిందమ్మా. భోజనం చేసి మీ దగ్గరికొస్తా.”

“కొత్తింట్లో లైటు వెలిగింది” అని ఆవిడ గుమ్మంలో నిలబడి ఇంటిల్లిపాదికీ వినబడేలా చెప్పింది. తమ్ముడు సెల్‌ఫోన్ వంక చూస్తున్నాడు. మరదలు “మంచిది వదినగారూ” అంది.

వ్యాను నిండింది. మేస్త్రి వెనక తలుపు మూసి గొళ్లెం వేశాడు. అక్క లోపలికి వచ్చి చూస్తే తన ట్రంకు పెట్టె, మడత మంచం, కుట్టుమిషను గోడవారన అలాగే ఉన్నాయి.

“ఏమయ్యా, ఇవి మర్చిపోయావా? మిషను జాగ్రత్తగా ఎత్తాలి. ఊరికే గుంజకు.”

మేస్త్రి తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. అక్క వంక గాక తమ్ముడి వంక చూశాడు. “ఇవి ఎక్కించొద్దన్నారండి సారు.”

అక్కకు మొదట నవ్వొచ్చింది. పనివాళ్లకు ఒకటి చెబితే ఇంకొకటి వినబడుతుంది కదా అనుకుంది. తమ్ముడి వైపు తిరిగి “ఏరా, ఏమన్నావు వీడితో?” అంది. తమ్ముడు నీళ్లు నమిలాడు. “అక్కా, అది, కొన్నాళ్ల పాటు...” అన్నాడు, అక్కడితో ఆగిపోయాడు.

మరదలే ముందుకొచ్చింది. గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. “వదినగారూ, నెలాఖరు దాకా ఈ ఇంటికి అద్దె కట్టే ఉంది కదా. మీరు నింపాదిగా ఉండొచ్చు. ఈలోగా ఆయన మీకోసం ఆడవాళ్ల హాస్టలు చూసి పెడతారు. మంచివి ఉన్నాయట, వేళకి తిండి కూడా వాళ్లే పెడతారట. మేం సర్దుకున్నాక మీరు ఓసారి వద్దురుగాని.”

మనం అంటే వినేవాళ్లూ లోపలుంటారు. మేం అంటే ఉండరు. తెలుగు మాట్లాడే చంటిపిల్లలకు కూడా ఎవరూ నేర్పకుండానే వచ్చే తేడా అది. నీళ్లాఫీసులో తమ్ముడు ఆ మాట తనతో అనలేదు, కిటికీ అవతలి ఆవిడతో అన్నాడు. అందుకే అక్క అతని పక్కనే నిలబడి, తనను కూడా కలిపేసుకుంది. ఇప్పుడా మాట ఎదురుగా నిలబడి తన మొహం మీద అంటున్నారు. ఇక కలుపుకోవడానికి సందు లేదు.

“నీళ్లాఫీసులో ముగ్గురం అన్నావే. ఎవరెవర్రా ఆ ముగ్గురు?” అంది తమ్ముడితో.

తమ్ముడు చెవుల దాకా ఎర్రబడ్డాడు.

“ఆయన్నెందుకు నిలదీస్తారు?” అంది మరదలు. “మీకు చెప్పడానికి నోరు రాక ఎంత నలిగిపోతున్నారో మీకేం తెలుసు. సరిగ్గా నిద్ర కూడా పోవట్లేదు.”

“నాతో ఆఫీసులన్నీ తిప్పించుకోడానికి మాత్రం నోరొచ్చిందా?”

“మిమ్మల్ని తిరగమని ఎవరన్నారు వదినగారూ? మీకది సరదా కదా అని మేం ఊరుకున్నాం.”

ఆ మాటకు మేస్త్రి కూడా తల దించుకున్నాడు. అక్కకు తల తీసేసినట్టయింది. ఇన్నాళ్లూ ఎండలో వరసల్లో నిలబడ్డది, గుమాస్తాల విసుగు మింగింది, కాళ్లు వాచేలా తిరిగింది, అదంతా వీళ్ల లెక్కలో ముసలిదాని కాలక్షేపం. చేయించుకున్నవాళ్లు కాక, చేసిన తనే వాళ్లకు రుణపడినట్టు. వీళ్లముందు ఏడవకూడదు, అంతే అనుకుంది.

“ఇక్కడ మధ్యాహ్నం కరెంటు తీసేస్తారు” అంది చివరికి. “గ్యాసు లేదు. నీళ్లు పొద్దునే కట్టేశారు. నేనే దగ్గరుండి కట్టించా.”

మరదలు నొసలు ముడుచుకుంది. “అయ్యో, ఆ సంగతి నాకు తట్టనేలేదు. అంత ముందుగా ఎందుకు తీయించేశారు మీరు?” ఒక్క క్షణం ఆలోచించి, మేస్త్రిని పిలిచి, వ్యాను తలుపు తీయించి, పైనున్న అట్టపెట్టె తాడు విప్పించింది. అందులోంచి రెండు కొవ్వొత్తులు తీసి తెచ్చి మిషను బల్ల మీద పెట్టింది. “ఇవాళ్టికి సర్దుకోండి. నీళ్లకి పక్కింటివాళ్లని అడిగితే ఒక బిందె ఇవ్వకపోరు.”

తమ్ముడు గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగాడు. “సాయంత్రం ఫోన్ చేస్తానక్కా” అన్నాడు. అక్క అతని వంక చూడలేదు. వ్యాను కదిలిన చప్పుడు, వీధి మలుపులో గేరు మార్చిన చప్పుడు వినబడ్డాయి. తర్వాత ఖాళీ ఇల్లు మాత్రం మిగిలింది. బకెట్లో తుడిచిన మురికినీళ్లున్నాయి. అక్క ట్రంకు పెట్టె మీద కూలబడి ఏడ్చింది. అడ్డు చెప్పేవాళ్లు లేరు గనక కావలసినంత సేపు ఏడ్చింది.

లైన్‌మన్ వచ్చేసరికి మొహం తుడుచుకుని ఉంది. అతను భుజం మీది సంచి దించి, మీటరు పెట్టె మూత తీస్తూ లోపలికి తొంగిచూశాడు. “మీరింకా బయల్దేరలేదా? సామాను కూడా ఉందే.”

అతను స్టూలెక్కి మొదటి స్క్రూ విప్పాడు. దాన్ని పళ్ల మధ్య పట్టుకుని రెండోదాని మీద చెయ్యి వేశాడు.

“ఆగు” అంది అక్క. “నేనా షిఫ్టింగు వద్దంటే ఏమవుతుంది?”

అతను స్క్రూ నోట్లోంచి తీశాడు. “వద్దనడమేంటమ్మా? పొద్దునే పెట్టొచ్చాను కదా అక్కడ.”

“అక్కడిది తీసెయ్. నాకిక్కడే ఉండాలి. ఉంచాలన్నా తీయాలన్నా నా సంతకమేనని మీ ఆఫీసులోనే చెప్పారు.”

“సంతకం మీదేనండీ, కాదన్నానా?” స్టూలు దిగి తల గోక్కున్నాడు. “కానీ ఎండలో మళ్లీ అంత దూరం పోయి పీకాలి. పైగా వాళ్లు కావాలంటే మళ్లీ కొత్తగా రాసిచ్చి వరసలో ఉండాల్సిందే. నెల పడుతుంది. అక్కడ మనుషులు దిగిపోయుంటారు ఈపాటికి.”

“ఇక్కడ నేను మనిషిలా కనబడట్లేదా?”

లైన్‌మన్ ఆవిడ మొహం చూశాడు, తర్వాత గోడవారన మిషను చూశాడు, దాని మీద కొవ్వొత్తులు చూశాడు. సంచిలోంచి కాగితం తీసి ఏం రాయాలో చెప్పాడు. అక్క మిషను బల్ల మీద పెట్టి రాసింది. కొత్తింట్లో కరెంటు లేకపోతే నీళ్ల మోటరు ఆడదని, మోటరు ఆడకపోతే రెండో అంతస్తుకు చుక్క నీరు ఎక్కదని ఆవిడకు తెలుసు. మోకాళ్లు పట్టేసిన ఒక ముసలావిడ ఇవాళే ఆ ఇంట్లో దిగుతుందనీ తెలుసు. అన్నీ తెలిసే, అక్షరం వంకరపోకుండా సంతకం పెట్టింది. పెట్టాక ఒక రకమైన సుఖం కలిగింది. అంత చెడ్డ సుఖం ఆవిడ జన్మలో ఎరగదు.

అతను విప్పిన స్క్రూ బిగించి వెళ్లిపోయాడు. అక్క మిషన్ను కిటికీ దగ్గరికి జరుపుకుంది. అప్పగించాల్సిన ప్యాంటు ఒకటి ట్రంకు పెట్టెలో ఉంది. అంచు మడిచి, గుండుసూదులు గుచ్చి, ప్లగ్గు పెట్టి కూర్చుంది. ఒక కాలు పూర్తయి రెండోది పట్టుకునేసరికి ఫోన్ మోగింది. తమ్ముడు.

“అక్కా, కరెంటు పోయింది. లైన్‌మన్ వచ్చి మీటరు ఊడదీసుకుపోయాడు. ఏదో పొరపాటు చేసినట్టున్నారు. నేను అడిగితే ఆఫీసులో కనుక్కోమని పోయాడు. నువ్వొక్కసారి మాట్లాడవా వాళ్లతో? నీళ్లు కూడా ఎక్కట్లేదు. అత్తయ్య ఒంటినిండా సబ్బుతో స్నానాల గదిలో కూర్చునుంది.”

పొరపాటంట. అక్క ఇలాంటిది చేస్తుందన్న ఊహ కూడా వాడికి రాలేదు. పొద్దున అంత జరిగాక కూడా, ఎక్కడైనా పని చెడితే అక్కకు చెబితే చాలు, అది బాగైపోతుంది వాడికి. ఆవిడకు నవ్వొచ్చింది. చిన్నప్పుడు చొక్కా చించుకొచ్చి చేతిలో పెట్టినప్పటి గొంతే ఇది.

“ఎవరింట్లో?” అంది.

“ఏంటక్కా?”

“కరెంటు పోయింది ఎవరింట్లో అని అడుగుతున్నా.”

అక్క ఫోన్ను చెవికి ఇంకాస్త అదిమిపట్టింది. మనింట్లో అంటే చాలు వాడు. పని కోసం అన్నా సరే, అబద్ధానికి అన్నా సరే. ఆ ఒక్క మాట అంటే ఇప్పుడే చెప్పులేసుకుని బయల్దేరుతుంది. ఆఫీసు మూసేలోపు వెళ్లి గుమాస్తా కాళ్లావేళ్లా పడైనా ఆ మీటరు మళ్లీ అక్కడే పెట్టిస్తుంది. వెళ్లి పెట్టించాక మళ్లీ ఇక్కడికే వచ్చి చీకట్లో కూర్చోమన్నా కూర్చుంటుంది. అవతల మరదలి గొంతు ఏదో అడిగింది. తమ్ముడు ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి దానికేదో జవాబు చెప్పాడు. అక్కకు సరిగ్గా వినబడలేదనుకున్నాడు కాబోలు, మళ్లీ ఫోన్‌లోకి వచ్చి, గొంతు పెంచి, ముక్క ముక్కా విడివిడిగా చెప్పాడు.

“మా ఇంట్లో అక్కా. మా కొత్తింట్లో.”

“అయితే నువ్వే వెళ్లాలిరా” అంది అక్క. “లోపలికెళ్లగానే ఎడమ పక్క కిటికీ. వరసలో నిలబడాలి.”

ఫోన్ పెట్టేసి మిషను మీద కాలు ఆనించింది. మోటరు అందుకుంది. గుడ్డ సూది కిందకు దానంతటదే పోతున్నట్టు పోయింది, ఆవిడ ఆపలేదు. చివర దారం తెంపి తీసి చూస్తే ప్యాంటు కాలి అంచు రెండు పొరలూ ఒకదానికొకటి కుట్టుకుని మూసుకుపోయి ఉంది. అక్క దాన్ని ఒళ్లో పరుచుకుని, కళ్లు తుడుచుకుని, ఒక్కొక్క కుట్టే విప్పడం మొదలుపెట్టింది.